గ్రీన్ లైట్ అబద్ధం చెప్పింది: ఎల్‌డాప్ సర్వర్ కాన్ఫిగ్‌ని మానిటరింగ్ స్క్రిప్టులో ఎలా చదవాలి?

ఈరోజు ఎపిసోడ్ నా సొంత తప్పులతో మొదలవుతుంది. ఒకటి కాదు, రెండు తప్పులు. రెండూ ఒకే స్క్రిప్టులో, అదీ ఒకే వారంలో. నవ్వుకోండి, పర్లేదు. కానీ వీడియో అయిపోయాక మీ ఆఫీసులో కూడా ఇలాంటి స్క్రిప్టు ఉందేమో ఒకసారి వెతకండి. చాలావరకు ఉంటుంది.

ముందు కొత్తవాళ్ళ కోసం ఒక నిమిషం. ఎల్‌డాప్ డైరెక్టరీ సర్వర్ అంటే ఏంటి? మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర ఒక రిజిస్టర్ ఉంటుంది కదా, ఎవరు ఏ ఫ్లాటు, ఎవరిని లోపలికి పంపాలి అని. కంపెనీకి, కాలేజీకి అలాంటి రిజిస్టరే డైరెక్టరీ సర్వర్. మీరు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయినా, క్యాంపస్ వైఫైకి పాస్‌వర్డ్ కొట్టినా, వీపీఎన్ ఆన్ చేసినా, చాలాచోట్ల వెనకాల ఈ రిజిస్టర్‌నే అడుగుతారు. లినక్స్ ప్రపంచంలో బాగా వాడేది ఓపెన్ఎల్‌డాప్. అందులో నడిచే ప్రోగ్రామ్ పేరు స్లాప్‌డీ. ఈరోజు మాట్లాడేదంతా దాని గురించే.

సరే, కథలోకి వెళ్దాం. నేను ఇంతకుముందు పని చేసిన ఒక కంపెనీ. పేరు అవసరం లేదు. అక్కడ స్లాప్‌డీ పాత పద్ధతిలో నడిచేది. పాత పద్ధతి అంటే స్లాప్‌డీ డాట్ కాన్ఫ్ అని ఒకే ఒక టెక్స్ట్ ఫైలు. అందులో రాసింది మారిస్తే సర్వర్‌ని రీస్టార్ట్ చేయాలి. 2005లో వచ్చిన 2.3 వెర్షన్ నుంచి ఇంకో పద్ధతి ఉంది. కాన్ఫిగ్ కూడా డైరెక్టరీలోనే ఒక చెట్టులా ఉంటుంది, దాని పేరు సీఎన్ ఈక్వల్ కాన్ఫిగ్. రీస్టార్ట్ లేకుండానే సెట్టింగ్స్ మార్చుకోవచ్చు. ఆ మార్పు చేసే పని నాకు ఇచ్చారు. స్లాప్‌టెస్ట్ అనే కమాండ్‌తో పాత ఫైల్‌ని కొత్త పద్ధతిలోకి మార్చేశాను. డేటాని కూడా ఇంకో పెద్ద డిస్క్ మీదకి మార్చాను. అంతా బాగానే జరిగింది. పాత ఫైలు, పాత డేటా మాత్రం "బ్యాకప్‌గా ఉండనీలే" అని అక్కడే వదిలేశాను.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఉండనీలే.

మాకు ఒక మానిటరింగ్ స్క్రిప్టు ఉండేది. అది చేసే పని చాలా సింపుల్. కాన్ఫిగ్ చదివి డేటాబేస్ ఏ ఫోల్డర్‌లో ఉందో కనుక్కోవాలి, ఆ ఫోల్డర్‌లో డేటా ఫైల్ సైజు చూడాలి, లిమిట్‌తో పోల్చి గ్రీన్, ఎల్లో, రెడ్ చూపించాలి. ఈ లిమిట్ చాలా ముఖ్యం. ఓపెన్ఎల్‌డాప్‌లో ఇప్పుడు వాడే డేటాబేస్ ఎండీబీ. దానికి గరిష్ఠ సైజు ముందే చెప్పాలి. మీరు ఏమీ చెప్పకపోతే అది పెట్టుకునే లిమిట్ 10 ఎంబీ మాత్రమే. డెబియన్‌లో ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే 1 జీబీ అని రాసి ఇస్తుంది. ఆ లిమిట్ నిండితే డిస్క్‌లో ఇంకా ఎంత ఖాళీ ఉన్నా సరే, కొత్తగా ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఒక సోమవారం పొద్దున కొత్త బ్యాచ్ జాయిన్ అయ్యింది. వాళ్ళకి అకౌంట్లు క్రియేట్ అవ్వట్లేదు. పాస్‌వర్డ్ మార్చుకుందామనుకున్న వాళ్ళకి ఎర్రర్. కానీ పాత ఉద్యోగులందరూ హాయిగా లాగిన్ అవుతున్నారు. ఎందుకంటే చదవడం పనిచేస్తుంది, రాయడమే ఆగిపోయింది. పోర్ట్ చెక్ గ్రీన్. డిస్క్ చెక్ గ్రీన్. మా ఎల్‌డాప్ సైజు చెక్ కూడా పచ్చగా నవ్వుతూ ఉంది. గంటసేపు నెట్‌వర్క్ వాళ్ళని తిట్టుకున్నాం. చివరికి లాగ్ తెరిస్తే మ్యాప్ ఫుల్ అన్న ఎర్రర్ వరసగా కనిపించింది.

ఏం జరిగిందో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. స్క్రిప్టు ఇంకా పాత స్లాప్‌డీ డాట్ కాన్ఫ్‌నే చదువుతోంది. అందులో పాత ఫోల్డర్ పేరుంది. ఆ ఫోల్డర్‌లో నేను వదిలేసిన పాత డేటా ఉంది. దాన్ని కొలిచి ప్రతి 5 నిమిషాలకి ఓకే అంటోంది. గ్రాఫ్ తీసి చూస్తే నెలల తరబడి గీసినట్టు ఒకటే అడ్డగీత. మేమేమో "ఎంత స్టేబుల్‌గా ఉందో" అని మురిసిపోయాం. రోజూ మనుషులు చేరే కంపెనీలో డైరెక్టరీ సైజు అస్సలు మారట్లేదంటే అనుమానం రావాలి కదా? రాలేదు.

ఇక్కడ టెక్నికల్‌గా తెలుసుకోవాల్సింది ఒకటుంది. స్లాప్‌డీ స్టార్ట్ అయ్యేటప్పుడు ప్రత్యేకంగా ఏ ఆప్షనూ ఇవ్వకపోతే ముందు కొత్త పద్ధతి ఫోల్డర్ ఉందా అని చూస్తుంది. సరైన ఫోల్డర్ దొరికితే పాత ఫైల్‌ని అసలు పట్టించుకోదు. అంటే ఆ పాత ఫైలు డిస్క్ మీద ఉంటుంది, చదివితే అర్థవంతంగానే ఉంటుంది, కానీ సర్వర్‌కి దానితో సంబంధమే లేదు. చచ్చిపోయిన ఫైలు అన్నమాట. ఫైలు ఉన్నంత మాత్రాన సర్వర్ దాన్ని వాడుతోందని కాదు. ఇదే మొదటి పాఠం.

ఇప్పుడు రెండో తప్పు. ఇది ఇంకా సిగ్గుపడాల్సింది.

లిమిట్ పెంచాం, సర్వర్ మళ్ళీ మామూలైంది. "స్క్రిప్టు ఈరోజే సరిచేయాలి" అన్నారు. నేను కంగారులో ఏం చేశానంటే, రూట్ యూజర్‌గా ఒక క్రాన్ జాబ్ పెట్టాను. స్లాప్‌క్యాట్ మైనస్ ఎన్ జీరో అనే కమాండ్‌తో మొత్తం కాన్ఫిగ్‌ని టెంప్ ఫోల్డర్‌లో ఒక ఫైల్‌లోకి దించడం, అందులో గ్రెప్ కొట్టి ఫోల్డర్ పేరు తీసుకోవడం. పనిచేసింది. లైన్ పైకి కిందకి కదలడం మొదలుపెట్టింది. నేను హ్యాపీ.

రెండు రోజుల తర్వాత మా సీనియర్ అన్న నా డెస్క్ దగ్గరికి వచ్చి, "ఆ టెంప్‌లో ఉన్న ఫైల్ ఒకసారి ఓపెన్ చెయ్యి" అన్నాడు. చేశాను. "సింక్‌రెపల్ అని వెతుకు" అన్నాడు. వెతికాను. ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి డేటా కాపీ అవ్వడానికి వాడే అకౌంట్, దాని పాస్‌వర్డ్, ఏ హ్యాషూ లేకుండా అచ్చమైన అక్షరాల్లో అక్కడ ఉంది. ఆ ఫైల్‌ని ఆ మెషిన్‌లోకి లాగిన్ అయ్యే ఎవరైనా చదవొచ్చు. అప్పుడు ఆ మెషిన్‌లో అప్లికేషన్ టీమ్ వాళ్ళు, ఇంటర్న్‌లు కూడా లాగిన్ అయ్యేవాళ్ళు. ఆ కాపీ అకౌంట్‌తో అందరి పాస్‌వర్డ్ హ్యాష్‌లూ లాగేయొచ్చు.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. ఆ రాత్రి అన్ని సర్వర్లలో ఆ పాస్‌వర్డ్ మార్చాం. అన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "తమ్ముడూ, కాన్ఫిగ్ అంటే సెట్టింగ్స్ మాత్రమే కాదు, తాళంచెవుల గుత్తి కూడా" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో, ఇది మాత్రం మర్చిపోలేదు.

చూడండి, రెండు తప్పులూ ఒకదానికొకటి వ్యతిరేకం. మొదటి దాంట్లో స్క్రిప్టు చదవాల్సింది చదవలేదు, అయినా తెలిసినట్టు మాట్లాడింది. రెండో దాంట్లో అక్కర్లేనిదంతా చదివి బయట పడేసింది. కాబట్టి ఈ ఎపిసోడ్ మొత్తం నుంచి మీరు తీసుకెళ్ళాల్సింది ఒక్కటే: స్క్రిప్టు తనకి కావాల్సినంతే చదవాలి, అది దొరకనప్పుడు తెలియదని ఒప్పుకోవాలి.

ఇప్పుడు ఎలా చేయాలో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

స్టెప్ 1. ఫైల్‌ని కాదు, సర్వర్‌నే అడగండి. కొత్త పద్ధతిలో స్లాప్‌డీ డాట్ డీ అనే ఫోల్డర్‌లో ఎల్‌డిఫ్ ఫైళ్ళు ఉంటాయి. వాటిని తెరిస్తే మొదటి లైన్‌లోనే ఇది ఆటోమేటిక్‌గా తయారైన ఫైల్, చేత్తో ఎడిట్ చేయొద్దు అని ఉంటుంది. అవి సర్వర్ తన కోసం రాసుకునే నోట్స్. మన స్క్రిప్టు వాటి మీద ఆధారపడకూడదు. దానికి బదులు ఎల్‌డాప్‌సెర్చ్ కమాండ్‌తో, అదే మెషిన్‌లో ఉండే ఎల్‌డాపీఐ సాకెట్ ద్వారా, సీఎన్ ఈక్వల్ కాన్ఫిగ్‌లో వెతకండి. నడుస్తున్న సర్వర్ ఇప్పుడు ఏది వాడుతోందో అదే చెప్తుంది. పాత ఫైళ్ళ గొడవే ఉండదు.

ఇందులో ఇంకో లాభం. ఎల్‌డాపీఐ సాకెట్ మీద ఎక్స్‌టర్నల్ పద్ధతిలో వెళ్తే పాస్‌వర్డే అక్కర్లేదు. మీరు ఏ లినక్స్ యూజర్‌గా వచ్చారో కర్నెలే సర్వర్‌కి చెప్తుంది. స్క్రిప్టులో పాస్‌వర్డ్ లేకపోతే లీక్ అవ్వడానికీ ఏమీ లేదు. కొంతమంది మైనస్ స్మాల్ డబ్ల్యూ పెట్టి కమాండ్‌లోనే పాస్‌వర్డ్ రాస్తారు. దయచేసి వద్దు. పీఎస్ కొట్టిన వేరే యూజర్‌కి కూడా అది కనబడే అవకాశం ఉంటుంది. వేరే దారి లేక పాస్‌వర్డ్ ఫైల్ వాడాల్సి వస్తే మైనస్ వై ఆప్షన్ ఉంది. కానీ అది ఫైల్‌లో ఉన్నదంతా పాస్‌వర్డే అనుకుంటుంది, చివర్లో ఎంటర్ నొక్కి ఉంటే దాన్ని కూడా. పాస్‌వర్డ్ కరెక్టే కదా, లాగిన్ ఎందుకు అవ్వట్లేదు అని జుట్టు పీక్కునేది ఇక్కడే.

స్టెప్ 2. రూట్‌గా నడపకండి. డెబియన్, ఉబుంటులో మామూలుగా రూట్ యూజర్ ఎల్‌డాపీఐ మీద వస్తే కాన్ఫిగ్ మొత్తం మీద మేనేజ్ హక్కు ఉంటుంది. అంటే చదవడమే కాదు, మార్చేయొచ్చు కూడా. సైజు చూసే స్క్రిప్టుకి సర్వర్ మార్చే హక్కు ఎందుకు? మానిటరింగ్ కోసం విడిగా ఒక సిస్టమ్ యూజర్‌ని పెట్టండి. ఆ యూజర్‌కి యాక్సెస్ రూల్‌లో కొన్ని అట్రిబ్యూట్లే చదవడానికి ఇవ్వండి. మన ఉదాహరణలో కావాల్సినవి మూడే: సఫిక్స్, డేటాబేస్ డైరెక్టరీ, మ్యాక్స్ సైజు. వీటితో పాటు ఆబ్జెక్ట్‌క్లాస్, ఎంట్రీ అనే రెండూ రూల్‌లో చేర్చాలి. ఎంట్రీ మర్చిపోతే సెర్చ్‌లో ఏమీ రాదు, మీరు సాయంత్రం దాకా కూర్చుంటారు. నేను కూర్చున్నాను.

స్టెప్ 3. అడిగేటప్పుడు పేర్లు పెట్టి అడగండి. ఏ అట్రిబ్యూట్ కావాలో చెప్పకపోతే ఆ ఎంట్రీలో మీకు హక్కున్నవన్నీ వచ్చేస్తాయి. యాక్సెస్ రూల్ ఎలాగూ ఆపుతుంది కదా అనుకోవద్దు. రేపు ఎవరో ఆ రూల్ మార్చొచ్చు. గేటుకి తాళం వేశామని ఇంటి తలుపు తెరిచి పడుకోం కదా.

స్టెప్ 4. నంబర్ మీద నమ్మకం పెట్టుకోకండి. కాన్ఫిగ్‌లో డేటాబేస్ పేర్ల ముందు మీసాల బ్రాకెట్లలో ఒక నంబర్ ఉంటుంది. డెబియన్‌లో మామూలుగా అసలు డేటాబేస్ 1. సెంటోస్ 7లో అయితే 1 మానిటర్‌ది, అసలు డేటాబేస్ 2. ఒక మెషిన్‌లో చూసి 1 అని స్క్రిప్టులో రాసేస్తే ఇంకో మెషిన్‌లో ఇంకేదో చదువుతుంది. దానికి బదులు ఆబ్జెక్ట్‌క్లాస్ ఓఎల్‌సీ ఎండీబీ కాన్ఫిగ్ అని ఫిల్టర్ పెట్టండి. ఎన్ని ఎండీబీ డేటాబేసులు ఉంటే అన్నీ వస్తాయి, ఒక్కొక్కటీ చెక్ చేయండి. మొదటిది తీసుకుని మిగతావి వదిలేయడం కూడా తప్పే.

స్టెప్ 5. ఎల్‌డిఫ్‌ని మామూలు టెక్స్ట్ అనుకోవద్దు. ఇందులో రెండు గుంతలున్నాయి. ఒకటి, లైన్ పొడుగైతే విరిచేసి తర్వాతి లైన్‌ని ఒక స్పేస్‌తో మొదలుపెడుతుంది. మీ గ్రెప్‌కి సగం ఫోల్డర్ పేరే దొరుకుతుంది. దీనికి మందు సులువు: ఎల్‌డిఫ్ ర్యాప్ ఈక్వల్ నో అని ఆప్షన్ ఇవ్వండి. రెండోది, విలువ చివర్లో స్పేస్ ఉన్నా, తెలుగు లాంటి అక్షరాలు ఉన్నా, దాన్ని బేస్ 64లో రాసి ఒక కోలన్ బదులు రెండు కోలన్లు పెడుతుంది. రెండు కోలన్లు కనిపిస్తే డీకోడ్ చేయాలి. అన్నట్టు, బేస్ 64 అంటే ఎన్‌క్రిప్షన్ కాదు. పాస్‌వర్డ్ గజిబిజిగా కనిపిస్తోంది కదా, సేఫ్ అనుకోవద్దు. ఒక్క కమాండ్‌తో విప్పేయొచ్చు. పైథాన్ వచ్చినవాళ్ళైతే షెల్‌లో గ్రెప్‌తో కుస్తీ పట్టకుండా ఎల్‌డాప్ లైబ్రరీ వాడండి, ఈ రెండు గుంతలూ అది చూసుకుంటుంది.

స్టెప్ 6. ఇది గుండెకాయ లాంటి స్టెప్. ఖాళీ జవాబుని పట్టుకోండి.

రెండో స్క్రిప్టు మార్చేటప్పుడు ఇంకో తమాషా జరిగింది. టెస్ట్ మెషిన్‌లో కొత్త యూజర్‌కి హక్కు ఇవ్వడం మర్చిపోయాను. స్క్రిప్టు మాత్రం ఓకే అంది! చూస్తే, ఫోల్డర్ పేరున్న వేరియబుల్ ఖాళీ. డీయూ కమాండ్‌కి పేరు ఇవ్వకపోతే ప్రస్తుతం మనం ఉన్న ఫోల్డర్‌ని కొలుస్తుంది. ఆ ఫోల్డర్‌లో ఏముంది? నాలుగు చిన్న ఫైళ్ళు. 4 కేబీ. ఓకే! మళ్ళీ అదే అబద్ధం, ఈసారి కొత్త వేషంలో. వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ పెట్టి ఉంటే డీయూ ఎర్రర్ ఇచ్చేది. రెండు కోట్స్. అంతే తేడా.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. హక్కు సరిపోక సెర్చ్‌లో ఒక్క ఎంట్రీ కూడా రాకపోయినా ఎల్‌డాప్‌సెర్చ్ కొన్నిసార్లు ఎగ్జిట్ కోడ్ 0, అంటే సక్సెస్ అనే చెప్తుంది. "వెతికాను, ఏమీ లేదు, నా పని అయింది" అన్నట్టు. కాబట్టి ఎగ్జిట్ కోడ్ ఒక్కటే చూస్తే చాలదు, ఎన్ని ఎంట్రీలు వచ్చాయో లెక్కపెట్టండి. పైప్ పెట్టి ఆక్‌కి పంపిస్తే షెల్‌కి కనిపించేది ఆక్ ఎగ్జిట్ కోడ్, ఎల్‌డాప్‌సెర్చ్‌ది కాదు. బ్యాష్‌లో పైప్‌ఫెయిల్ ఆన్ చేయండి. వచ్చిన విలువని కూడా నమ్మేయకండి. ఫోల్డర్ పేరు స్లాష్‌తో మొదలవుతోందా? నిజంగా ఉందా? సైజులో అంకెలు తప్ప ఇంకేమైనా ఉందా? ఎవాల్ మాత్రం ఎప్పుడూ వాడొద్దు. కాన్ఫిగ్‌లో ఎవరో పెట్టిన విలువ మీ స్క్రిప్టులో కమాండ్‌గా నడిచే ప్రమాదం ఉంది. మ్యాక్స్ సైజు రాకపోతే లిమిట్ లేదని అర్థం కాదు. 10 ఎంబీ డిఫాల్ట్ అయినా అయ్యుండాలి, మీకు చదివే హక్కు లేకైనా ఉండాలి.

వీటిలో ఏది తేడా కొట్టినా స్క్రిప్టు ఏం చెప్పాలి? నాగియోస్ తరహా ప్లగిన్లలో 0 అంటే ఓకే, 1 వార్నింగ్, 2 క్రిటికల్, 3 అన్‌నోన్. ఈ 3ని చాలామంది వాడరు. అది ఉన్నదే ఇందుకు. "నాకు తెలియదు" అని చెప్పడానికి. మన ఇళ్ళల్లో, ఇంటర్వ్యూల్లో తెలియదు అనడానికి మొహమాటపడతాం చూడండి, మన స్క్రిప్టులకి కూడా అదే అలవాటు చేశాం. స్క్రిప్టు స్టార్ట్ అవ్వగానే జవాబు 3 అనుకుని మొదలుపెట్టండి. అన్ని చెక్‌లూ దాటాకే 0కి రావాలి. మనలో చాలామంది రివర్స్‌లో రాస్తాం, మొదట ఓకే, ఏదైనా కనిపిస్తేనే రెడ్ అని. ఏమీ కనిపించకపోతే ఓకే అయిపోతుంది, కళ్ళు మూసుకున్నా సరే. టైమౌట్ కూడా పెట్టండి. సర్వర్ బిగుసుకుపోతే స్క్రిప్టు కూడా దాంతో పాటు బిగుసుకుపోకూడదు.

స్టెప్ 7. వీలైతే డిస్క్ జోలికే వెళ్ళకండి. ఎండీబీ ఫైల్ పెరుగుతుందే కానీ తగ్గదు. డిలీట్ చేసిన పేజీలని లోపల మళ్ళీ వాడుకుంటుంది. అందుకని ఫైల్ సైజు ఒక్కటే చూస్తే అసలు పరిస్థితి కంటే భయంకరంగా కనిపించొచ్చు. ఓపెన్ఎల్‌డాప్ 2.5, 2.6 వాడుతూ మానిటర్ బ్యాకెండ్ ఆన్ చేసి ఉంటే, సీఎన్ ఈక్వల్ మానిటర్‌లో మొత్తం పేజీలు, వాడినవి, అందులో ఖాళీ అయినవి నంబర్లుగా దొరుకుతాయి. వాడిన వాటిలోంచి ఖాళీవి తీసేస్తే అసలు లెక్క. అప్పుడు ఫోల్డర్ పేరు కూడా అక్కర్లేదు. కాన్ఫిగ్ చదవడానికి అన్నిటికంటే సేఫ్ పద్ధతి ఏంటో తెలుసా? చదవాల్సిన అవసరమే లేకుండా చేసుకోవడం.

మరి మీ ఆఫీసులో రెడ్ హ్యాట్ కొత్త వెర్షన్లు ఉంటే? రెడ్ హ్యాట్ 8 నుంచి ఓపెన్ఎల్‌డాప్ సర్వర్ ప్యాకేజీ ఇవ్వడం మానేసింది. అక్కడ మీకు 389 డైరెక్టరీ సర్వర్ కనిపిస్తుంది. దాని కాన్ఫిగ్ డీఎస్ఈ డాట్ ఎల్‌డిఫ్ అనే ఫైల్‌లో ఉంటుంది, అడ్మిన్ పాస్‌వర్డ్ హ్యాష్ కూడా అందులోనే. అక్కడా రూల్ అదే: ఫైల్‌ని కాపీ కొట్టొద్దు, సర్వర్‌ని అడగండి, కావాల్సిందే అడగండి.

చివరిగా, టెస్టింగ్. స్క్రిప్టు పనిచేస్తోందా అని మాత్రమే చూసి వదిలేయకండి. రెండు పనులు చేయండి. ఒకటి, ఆ మానిటరింగ్ యూజర్‌గా మారి రూట్ పాస్‌వర్డ్ అట్రిబ్యూట్, సింక్‌రెపల్ అట్రిబ్యూట్ అడగండి. ఏమీ రాకూడదు. వస్తే ఆగిపోయి రూల్ సరిచేయండి. రెండు, టెస్ట్ మెషిన్‌లో కావాలనే ఆ యూజర్ హక్కు తీసేయండి. స్క్రిప్టు అన్‌నోన్ అనాలి. ఓకే అందంటే అది మానిటరింగ్ కాదు, గోడకి అతికించిన గ్రీన్ స్టిక్కర్.

ఇంకో చిన్న పని. మార్పులు చేశాక పాత కాన్ఫిగ్ ఫైల్‌ని అక్కడే వదలకండి. బ్యాకప్ కావాలంటే వేరే చోటికి మార్చండి, దాన్ని రూట్ తప్ప ఎవరూ చదవకుండా పర్మిషన్ పెట్టండి. దాంట్లోనూ తాళంచెవులు ఉంటాయి. ఉండనీలే అన్న ఒక్క మాట నాకు ఒక సోమవారాన్ని, ఒక రాత్రి నిద్రని ఖర్చు చేసింది. మీకు ఫ్రీగా చెప్పేశాను.

సరే ఫ్రెండ్స్, ఈరోజు ఇంతే. మీ స్క్రిప్టుల్లో ఇలా పచ్చగా అబద్ధం చెప్పినది ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి, కంపెనీ పేరు, పాస్‌వర్డులు లేకుండా! వీడియో ఉపయోగపడింది అనిపిస్తే మీ టీమ్ గ్రూప్‌లో షేర్ చేయండి, ముఖ్యంగా ఆ స్క్రిప్టు రాసిన అన్నకో అక్కకో. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా మీ గ్రాఫ్ అడ్డగీతలా నిశ్చలంగా ఉంటే సంతోషపడకండి, అనుమానించండి. ఉంటాను, బై!